కడుపులో మంట: లోపలి కావలివారి హెచ్చరిక

భోజనమైన రెండు మూడు గంటలకు పైపొట్టలో పోటు, పుల్లటి త్రేన్పులు, అర్ధరాత్రి నిద్ర లేపే మంట - ఈ బాధలలో ఏ ఒక్కటీ ఎరుగని కుటుంబం మన తెలుగునాట అరుదు. ఇవి వచ్చినప్పుడు మనం మొదట నిందించేది కారాన్ని, పులుపును, వేళతప్పిన భోజనాన్ని. ఆ వెనుక వామునో, జీలకర్రనో, వంటసోడానో ఆశ్రయిస్తాము. రెండు రోజులలో మంట చల్లారుతుంది. నెల తిరిగేసరికి మళ్ళీ రాజుకుంటుంది.

జనగామ జిల్లా స్టేషన్ ఘనపూర్ ప్రాంతంలో ఆయుర్వేద వైద్యం చేస్తున్న నన్ను రోగులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటున్నది. "కారం బందు చేసిన, చింతపండు ముడుతనే లేను, పథ్యం తప్పలేదు. అయినా మంట మల్లమల్ల ఎందుకు వస్తున్నది సారూ?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకు సమాధానం చెప్పటమే ఈ వ్యాసం ఉద్దేశ్యం.

మన ప్రాచీనులు ఈ బాధలన్నింటినీ ఒకే గాట కట్టలేదు. మాధవనిదానంలో ఆమ్లపిత్తం వేరు, పరిణామశూల వేరు. తిన్న అన్నం జీర్ణమయ్యే వేళకు తలెత్తే నొప్పిని పరిణామశూల అన్నారు. నేటి వైద్యులు చిన్నప్రేవు మొదటి భాగంలోని పుండుకు చెప్పే లక్షణాలకు ఇది చాలా దగ్గరగా ఉంటుంది. నొప్పి వచ్చే వేళను బట్టి వ్యాధిని విడదీసిన ఆ పరిశీలన మెచ్చదగినది. అయితే కంటికి కానరాని సూక్ష్మజీవిని చూడగల సాధనాలు ఆనాడు లేవు.

పుండుకు కారకుడు ఎవరు?

ఆధునిక వైద్యంలో సైతం చాలాకాలం పుండుకు కారణం ఆమ్లమూ, మనోవేదనా అనే నమ్మారు. అంత ఘాటైన ఆమ్లంలో ఏ సూక్ష్మజీవీ బతకజాలదని భావించారు. 1979లో ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో రాబిన్ వారెన్ అనే వైద్యుడు రోగుల జీర్ణాశయపు ముక్కలను సూక్ష్మదర్శినిలో పరిశీలిస్తూ, వాపు ఉన్నచోట మెలితిరిగిన సూక్ష్మజీవులను గమనించాడు. బారీ మార్షల్ అనే యువ వైద్యుడు ఆయనతో చేరాడు. 1982లో ఆ జీవులను ప్రయోగశాలలో పెంచగలిగారు. 1984లో మార్షల్ ఆ జీవులు కలిసిన ద్రవాన్ని తానే తాగాడు. కొద్దిరోజులలో ఆయనకు వాంతులు పట్టుకున్నాయి. పదవ రోజున పరీక్షించగా జీర్ణాశయపు పొర వాచి ఉన్నది. 2005లో ఈ ఇద్దరికీ నోబెల్ బహుమతి లభించింది.

ఆ సూక్ష్మజీవి పేరు హెలికోబాక్టర్ పైలోరీ. పొడవు మిల్లీమీటరులో వెయ్యింట మూడు వంతులు మాత్రమే. 1994లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దీనిని మనుషులలో క్యాన్సర్‌ను కలిగించగల కారకాల మొదటి జాబితాలో చేర్చింది. ఈ మాట విని పాఠకులు బెదరనవసరం లేదు. ఈ జీవి కడుపులో ఉన్నవారిలో అత్యధికులకు పుండు గాని, క్యాన్సర్ గాని ఏనాడూ రావు. అలాగే ప్రతి మంటకూ ఇదే కారణమని కూడా అనుకోరాదు. ఆమ్లం అన్నవాహికలోకి ఎగదన్నటం, కీళ్ళనొప్పులకు వాడే మాత్రలు, పిత్తాశయంలోని రాళ్ళు కూడా ఇటువంటి బాధనే కలిగించవచ్చు. అయితే తగ్గినట్లే తగ్గి తిరిగివచ్చే పుండుకు ఇది ముఖ్యకారణమని నేడు నిస్సందేహంగా తేలింది.

మూడు ప్రాకారాల కోట

ఓరుగల్లు కోటను చూసినవారికి జీర్ణాశయపు రక్షణ సులభంగా బోధపడుతుంది. అక్కడ అగడ్త, మట్టికోట, రాతికోట ఒకదాని లోపల ఒకటి ఉన్నట్లే ఇక్కడా మూడు అడ్డంకులు ఉన్నాయి. మొదటిది ఆమ్లం, ఆహారంతోపాటు వచ్చే క్రిములలో చాలావరకు అందులోనే నశిస్తాయి. రెండవది జిగురుపొర, ఆమ్లం శరీరకణాలను తాకకుండా కాపాడేది ఇదే. మూడవది ఒకదానినొకటి గట్టిగా అంటిపెట్టుకొని ఉన్న కణాల వరుస. పైభాగాన ఉన్న ఈ కణాలు కొద్దిరోజులకొకసారి రాలిపోయి, వాటి స్థానంలో కొత్తవి పుడుతుంటాయి.

పైలోరీ ఈ అడ్డంకులను ఒక్కొక్కటిగా దాటుతుంది. యూరియేజ్ అనే ఎంజైముతో యూరియాను విడగొట్టి అమ్మోనియాను పుట్టిస్తుంది. క్షారగుణం గల ఆ అమ్మోనియా తన చుట్టూ ఉన్న ఆమ్లాన్ని విరిచివేస్తుంది. తోకల వంటి తంతువులతో జిగురుపొరలోకి మరమేకులా దూసుకుపోతుంది. అక్కడినుండి కొన్ని జీవులు కణాల గోడను అంటిపెట్టుకుంటాయి. అప్పటినుండి అసలు కథ మొదలవుతుంది.

కణాల చాటింపు

మన రోగనిరోధక శక్తి అంతా రక్తంలోనే ఉంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి జీర్ణాశయపు పొరలోని సామాన్య కణమే మొదటి కావలివాడు. పైలోరీ జాతులలో కొన్నింటికి సూదివంటి నిర్మాణం ఉంటుంది. దానిద్వారా అవి కాగ్-ఎ అనే మాంసకృత్తును మన కణంలోకి ఎక్కిస్తాయి. దానితోపాటు సూక్ష్మజీవి గోడకు చెందిన తునకలు, ఒక ప్రత్యేకమైన చక్కెర పదార్థం కూడా కణంలోకి చేరతాయి. గోడ తునకలను నాడ్-1 అనే గ్రాహకం పసిగడుతుందని 2004లో తెలిసింది. ఆ చక్కెరను గుర్తించే మరో వ్యవస్థ సంగతి 2017-18 సంవత్సరాలలో వెల్లడైంది.

గుర్తుపట్టిన వెంటనే కణంలో వరుసగా సంకేతాలు నడుస్తాయి. ఎన్.ఎఫ్. కప్పా-బి అనే మాంసకృత్తు కణకేంద్రంలోకి ప్రవేశించి, అంతవరకు నిద్రాణంగా ఉన్న కొన్ని జన్యువులను మేల్కొలుపుతుంది. అప్పుడు కణం ఇంటర్‌ల్యూకిన్-8 అనే సంకేత పదార్థాన్ని బయటికి వదులుతుంది. పూర్వం ఊరిలో ఆపద వస్తే డప్పు కొట్టి చాటింపు వేసినట్లే ఇది. ఆ చాటింపు విని రక్తనాళాలలో తిరిగే న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు అక్కడికి పరుగెత్తుకొస్తాయి. వాటి వెనుక భక్షక కణాలు, లింఫోసైట్లు చేరతాయి. అవి టి.ఎన్.ఎఫ్.-ఆల్ఫా, ఇంటర్‌ల్యూకిన్-1 బీటా వంటి మరిన్ని సంకేతాలను పంపుతాయి.

ఈ సైన్యం ప్రయోగించే ఆయుధాలు ఘాటైన ఆమ్లజని పదార్థాలు. శత్రువుతోపాటు అవి మన కణాలను కూడా గాయపరుస్తాయి. వైద్యులు గ్యాస్ట్రైటిస్ అని పిలిచే వాపు ఇదే. అంటే పుండుకు దారితీసే నష్టంలో కొంత సూక్ష్మజీవి చేసినదైతే, చాలా భాగం మన సొంత సైన్యం ఏళ్ళ తరబడి చేస్తున్న యుద్ధఫలితం.

ఈ వాపు ఎక్కడ ఎక్కువగా ఉన్నదన్నదానిని బట్టి వ్యాధి గతి మారుతుంది. జీర్ణాశయపు కింది భాగంలో వాపు ఎక్కువైతే ఆమ్లాన్ని ప్రేరేపించే గ్యాస్ట్రిన్ పెరిగి, ఆమ్లం ఎక్కువై, చిన్నప్రేవులో పుండు పడవచ్చు. పైభాగం అంతా వాచిపోతే ఆమ్లం తగ్గుతుంది. ఇంటర్‌ల్యూకిన్-1 బీటాకు ఆమ్లాన్ని అణచే గుణం ఉన్నది. దీర్ఘకాలంలో ఆ పొర క్షీణించి, కొద్దిమందిలో అది క్యాన్సర్‌కు దారి తీయవచ్చు. ఒకే జీవి ఇద్దరిలో రెండు విధాలుగా ప్రవర్తించటానికి ఇది ఒక కారణం.

యుద్ధం ఎందుకు ముగియదు?

ఇంత సైన్యం వచ్చినా శత్రువు ఎందుకు చావదు? జలుబు వారంలో పోతుంది గదా, ఇది దశాబ్దాల తరబడి ఎందుకు నిలుస్తుంది? పైలోరీ మనిషి కడుపులో వేల సంవత్సరాలుగా నివసిస్తూ ఎన్నో మెలకువలు నేర్చింది. సామాన్యంగా సూక్ష్మజీవుల తోకలలోని పదార్థాన్ని మన గ్రాహకాలు ఇట్టే గుర్తిస్తాయి. దీని తోకలు ఆ గ్రాహకాలకు చిక్కవు. దీని పైపూత కూడా మన కావలివారిని పెద్దగా కదిలించదు. పైగా వాపు హద్దు మీరకుండా చూసే నియంత్రక లింఫోసైట్లను మన శరీరమే అక్కడికి పంపుతుంది. అవి మన పొరను కాపాడటానికి వచ్చినవే అయినా, వాటి నీడలో సూక్ష్మజీవి కూడా బతికిపోతుంది. ఈ విధంగా యుద్ధం గెలుపూ ఓటమీ లేకుండా సాగుతుంది.

హైదరాబాదు పరిశోధన

ఈ విషయంలో మన తెలుగునాట కూడా చెప్పుకోదగిన కృషి జరిగింది. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో నియాజ్ అహ్మద్ నాయకత్వంలోని పరిశోధక బృందం పైలోరీలోని హెచ్.పి. 986 అనే మాంసకృత్తుపై పనిచేసింది. 2011లో వెలువడిన వారి పరిశోధన ప్రకారం ఈ మాంసకృత్తు రెండు పనులు ఒకేసారి చేయగలదు. ఒకవైపు ప్రయోగశాలలో పెంచిన భక్షక కణాలచేత వాపును పెంచే సంకేతాలను వెలువరింపజేస్తుంది. మరొకవైపు భక్షక కణాలు తమంతట తాము నశించేటట్లు ప్రేరేపిస్తుంది. అనగా డప్పు కొట్టించి సైనికులను పిలిపించేదీ అదే, వచ్చిన సైనికులను పడగొట్టేదీ అదే. ఈ జీవి దీర్ఘకాలం తిష్ఠవేయటంలో దీని పాత్ర ఉండవచ్చునని వారు సూచించారు.

2014లో ప్రచురితమైన మరో పరిశోధనలో ఈ మాంసకృత్తుకు టై-ఎ అన్న పేరు కనిపిస్తుంది. మన శరీరం టి.ఎన్.ఎఫ్. సంకేతాన్ని అందుకొనటానికి కణాలపై ఏర్పరచుకున్న గ్రాహకాన్నే ఇది పట్టుకుని, జీర్ణాశయ కణాలచేత ఇంటర్‌ల్యూకిన్-8ను విడుదల చేయిస్తుందని అందులో చూపారు. మన ఇంటి తాళానికి సరిపడే మారుచెవిని దొంగ తయారుచేసుకున్నట్లు ఉన్నదీ సంగతి. ఇవి ప్రయోగశాలలో పెంచిన కణాలపై తేలిన విషయాలని గుర్తుంచుకోవాలి. ఔషధంగా మారేందుకు ఇంకా చాలా దూరం నడవవలసి ఉన్నది.

హైదరాబాదులోనే జరిపి 1991లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ఇరవై ఏళ్ళు వచ్చేసరికి నూటికి 80 మందికి పైగా ఈ జీవి సోకిన గుర్తులు రక్తంలో కనిపించాయి. అక్కడే జరిగిన మరో అధ్యయనం 2007లో వెలువడింది. బావినీరు తాగేవారిలో నూటికి సుమారు 92 మందికి, కుళాయినీరు తాగేవారిలో సుమారు 75 మందికి ఇది సోకి ఉన్నట్లు అందులో తేలింది. సాధారణంగా ఇది బాల్యంలోనే, ఇంటిలోనే, ఒకరినుండి ఒకరికి నోటిద్వారా సోకుతుంది. మా ఘనపూర్ వంటి చోట్ల నీటి శుభ్రతకూ కడుపు మంటకూ ఉన్న సంబంధాన్ని ప్రతి గృహిణీ తెలుసుకోవటం అవసరం.

వంటింటి ఔషధాల స్థానం

ఇది ఈ పత్రిక పాఠకులకు మనసుకు దగ్గరి విషయం గనుక ఉన్నదున్నట్లు చెబుతాను. ప్రయోగశాల గాజుపాత్రలో పసుపు, వెల్లుల్లి, అతిమధురం, ఉసిరి వంటివి ఈ జీవిపై ఎంతో కొంత ప్రభావం చూపుతాయి. కాని గాజుపాత్ర వేరు, జిగురుపొర కింద దాగిన శత్రువు వేరు.

పసుపు సంగతి చూడండి. థాయ్‌లాండ్‌లో జరిగి 2010లో వెలువడిన ఒక చిన్న అధ్యయనంలో కొందరు రోగులకు పసుపు మాత్రలు, కొందరికి ఆమ్లాన్ని తగ్గించే మందుతో కలిపి రెండు యాంటీబయాటిక్స్ ఇచ్చారు. మందులు తీసుకున్నవారిలో నూటికి 79 మందికి సూక్ష్మజీవి పోయింది. పసుపు తీసుకున్నవారిలో నూటికి ఆరుగురికి మాత్రమే పోయింది. అంతకన్న ముఖ్యమైన విషయం ఇంకొకటి ఉన్నది. జీర్ణాశయపు పొరలో ఇంటర్‌ల్యూకిన్-8 చాటింపు తగ్గినది కూడా మందులు తీసుకున్నవారిలోనే. శత్రువు పోయినప్పుడే డప్పు ఆగింది.

అతిమధురం కొంత మెరుగు. 2013లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో అతిమధురం నుండి తయారుచేసిన ఒక ప్రత్యేక సారాన్ని అరవై రోజులు ఇచ్చారు. తీసుకున్నవారిలో ఇంచుమించు సగం మందికి పరీక్షలో సూక్ష్మజీవి కనిపించలేదు. ఇది ఆశాజనకమే. కాని మిగిలిన సగం మంది సంగతి ఏమిటి? పైగా అది వంటింటిలో కాచుకునే కషాయం కాదు. మామూలు అతిమధురాన్ని ఎక్కువకాలం ఎక్కువగా వాడితే రక్తపోటు పెరుగుతుంది, రక్తంలో పొటాషియం తగ్గుతుంది. రక్తపోటు, గుండెజబ్బు ఉన్నవారు, గర్భిణులు దానిని సొంతంగా వాడరాదు.

పరిణామశూలలో మన వైద్యులు వాడే శంఖభస్మం సున్నపు ధాతువుతో కూడినది. ఆమ్లాన్ని విరిచి ఉపశమనం ఇస్తుంది. జీలకర్ర నీరు, ధనియాల కషాయం, పలుచని మజ్జిగ కొందరికి హాయినిస్తాయి. వీటిని నేనూ రోగులకు చెబుతాను. కాని హాయి వేరు, వ్యాధి నిర్మూలన వేరు. చాటింపు శబ్దం వినబడకుండా చెవులు మూసుకుంటే ఊరిలోని దొంగ పోడు. పుండు ఉన్నవాడు ఏళ్ళ తరబడి ఉపశమనంతోనే గడిపి, ఒకనాడు తారువంటి నల్లని విరేచనంతో ఆసుపత్రికి చేరటం మా ప్రాంతంలో అరుదైన సంగతి కాదు. అందుకే ఈ విషయంలో నా మాట స్పష్టంగా ఉంటుంది: ముందు పరీక్ష, పిదప నిర్మూలన, తోడుగా పథ్యం.

పరీక్ష, చికిత్స

లక్షణాలు లేని ప్రతివారికీ పరీక్ష అవసరం లేదు. పుండు ఉన్నవారు, దీర్ఘకాలంగా పైపొట్ట బాధ ఉన్నవారు, తల్లిదండ్రులకో తోబుట్టువులకో జీర్ణాశయ క్యాన్సర్ వచ్చినవారు, కీళ్ళనొప్పుల మాత్రలు చిరకాలం వాడవలసినవారు పరీక్ష గురించి వైద్యుని అడగాలి. యూరియా శ్వాస పరీక్ష, మల పరీక్ష, ఎండోస్కోపీలో తీసిన ముక్క పరీక్ష నమ్మదగినవి. రక్తపరీక్ష ఒకప్పుడు సోకినదానికీ, ఇప్పుడు ఉన్నదానికీ తేడా చెప్పజాలదు. ఆమ్లాన్ని తగ్గించే ఓమిప్రజోల్ వంటి మాత్రలను, వైద్యునికి చెప్పి, పరీక్షకు రెండు వారాల ముందు ఆపాలి. యాంటీబయాటిక్స్ వాడి ఉంటే నాలుగు వారాలు గడవాలి. లేకుంటే సూక్ష్మజీవి ఉన్నా లేనట్లు ఫలితం రావచ్చు.

చికిత్స సాధారణంగా పద్నాలుగు రోజులు ఉంటుంది. ఆమ్లాన్ని తగ్గించే మందుతో రెండు యాంటీబయాటిక్స్, కొన్నిసార్లు బిస్మత్ కూడా కలిపి ఇస్తారు. మధ్యలో ఆపితే బతికిన జీవులు మందుకు లొంగనివిగా తయారవుతాయి. హైదరాబాదు సహా పలు నగరాలలో సేకరించిన జీవులపై జరిగి 2003లో వెలువడిన అధ్యయనంలో, నాలుగింట మూడు వంతులకు పైగా మెట్రోనిడజోల్‌కు లొంగలేదు. విరేచనాలు పట్టిన ప్రతిసారీ అంగడినుండి ఆ మాత్రలు తెచ్చి మింగే అలవాటును మనం మానుకోవాలి.

మన పద్ధతులతో కలిపి వాడేటప్పుడు కొన్ని జాగ్రత్తలు అవసరం. టెట్రాసైక్లిన్ మాత్ర వేసుకునే వేళకు పాలు, పెరుగు, శంఖభస్మం తీసుకోరాదు. సున్నపు ధాతువు ఆ మందును ఒంటికి పట్టనివ్వదు. మెట్రోనిడజోల్ వాడే రోజులలో కల్లు, సారా ముట్టరాదు. బిస్మత్ వాడేటప్పుడు మలం నల్లబడుతుంది. అది రక్తం కాదు. మందులు ముగిసిన నాలుగు వారాలకు మళ్ళీ పరీక్ష చేయించుకుని, సూక్ష్మజీవి పోయినదని నిర్ధారించుకోవాలి. మంట తగ్గటం ఒక్కటే దానికి నిదర్శనం కాదు.

ఇంటిలో పాటించవలసినవి

* బావినీరు, బోరునీరు కాచి చల్లార్చి తాగాలి. బిందెలో చేయి ముంచకుండా కాడ గల గరిటెతో నీరు తీసుకోవాలి.
* వంటకు, భోజనానికి ముందు, మలవిసర్జన తరువాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి.
* పెద్దలు నమిలిన ముద్దను పిల్లలకు పెట్టరాదు.
* మంట ఉన్నవారు పొగాకు, గుట్కా, మద్యం మానాలి. నొప్పి మాత్రలను వైద్యుని సలహా లేకుండా వాడరాదు.
* కారం పుండును పుట్టించదు. కాని మంట ఉన్న రోజులలో బాధ పెంచితే తగ్గించుకోవటం మంచిది.

నల్లని తారువంటి మలం, రక్తపు వాంతి, మింగటం కష్టం కావటం, కారణం లేకుండా బరువు తగ్గటం, రక్తహీనత - వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఏ కషాయమూ కాచుకుంటూ కూర్చోరాదు. ఆ రోజే వైద్యశాలకు వెళ్ళాలి. నలభై ఐదేళ్ళు దాటినవారికి కొత్తగా కడుపు బాధ మొదలైనా పరీక్ష చేయించుకోవటం క్షేమం.

మన శాస్త్రం ఆరోగ్యానికి జఠరాగ్నిని మూలంగా చెప్పింది. ఆ అగ్నిని ధరించే పాత్ర జీర్ణాశయపు పొర. అది రాత్రింబగళ్ళు కాపలా కాస్తూ, ఆపద వచ్చినప్పుడు తనకు తెలిసిన భాషలో మనకు చెబుతుంది. పథ్యంతో దానికి విశ్రాంతినిద్దాం. శుభ్రమైన నీటితో శత్రువును దూరంగా ఉంచుదాం. శత్రువు లోపలికి చేరినదని పరీక్షలో తేలితే మాత్రం, తగిన మందుతో పూర్తిగా వెళ్ళగొట్టిన తరువాతనే నిశ్చింతగా ఉందాం.